ముందస్తుగా బుక్ చేసుకున్న జబ్బులు

నోరు తెరిచి, పేరు పెట్టి అడిగి మరీ జబ్బు తెచ్చుకున్న మనిషిని మీరు చూసి ఉండరు. చూడాలనిపిస్తే ఎమ్మిగనూరు బస్టాండులో దిగి తువ్వాళ్ల కొట్టు ఎక్కడని అడగండి, దారి చూపిస్తారు. కొట్టులో కూర్చుని ఉండేది నేనే. ఇప్పుడంటే నవ్వుతూ చెబుతున్నాను గానీ, అప్పట్లో నేను చేసిన ఘనకార్యానికి ఇంట్లో నా ముఖం చూసేవాళ్లు లేరు.

మా ఆవిడ నాగరత్నకు ఆయాసం ఉంది. పత్తి దుమ్ము వల్ల వచ్చిందని డాక్టరు, నాతో కాపురం వల్ల వచ్చిందని ఆమె అంటారు. మీరు డాక్టరు మాటే నమ్మండి. ఆమె పుట్టిల్లు ఆదోని. పత్తి మార్కెట్టు జోరుగా ఉండే నెలల్లో అక్కడికి పోయి వస్తే చాలు, ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యేవి. ఒకసారి ఊపిరి అందక కర్నూలు ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఆ రోజు బండిలో ఆమె నా చెయ్యి పట్టుకున్న పట్టు తలచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది.

ఉచిత వైద్యానికి ప్రభుత్వ కార్డు లేదా అని మీరు అడుగుతారు. ఉండేది. గొప్పకు పోయి పాత కారు ఒకటి కొన్నాను. కారు కొన్నందుకు కార్డు పోయింది. కార్డు లేనందుకు ఆసుపత్రి బిల్లు కింద కారు పోయింది. కారు పోయింది కదా, కార్డు ఇవ్వండని తిరిగితే అది మాత్రం రాలేదు. ఇంకోసారి ఆయాసం వస్తే అమ్మడానికి మా దగ్గర ఏమీ లేదు. అందుకే ఆరోగ్య పాలసీ వెతకడం మొదలుపెట్టాను.

ఆదోనిలో బసవరాజు అని పాలసీలు కట్టించే ఏజెంటు ఉన్నాడు, నాగరత్నకు చిన్నాన్న కొడుకు. ఆయాసం అనగానే కొన్ని కంపెనీలు వద్దన్నాయట. కొన్ని చెప్పిన ధర వింటే నాకే ఆయాసం వచ్చింది. చివరికి మాకు అందే ధరలో ఒక కంపెనీని పట్టుకొచ్చాడు. వాళ్లు ఫోన్ చేసి ప్రశ్నలు అడుగుతారని, జాగ్రత్తగా జవాబు చెప్పమని నన్ను కూర్చోబెట్టి మరీ చెప్పాడు.

"ఏదీ దాచొద్దు బావా. సెప్పిందే లెక్కకు వస్తాది. సెప్పనిదానికి రేపు పైసా ఇయ్యరు."

ఈ మాటను మీరు ఎలా అర్థం చేసుకున్నారో నాకు తెలియదు. నేను మాత్రం నా సొంత తెలివితో అర్థం చేసుకున్నాను.

ఫోన్ వచ్చినప్పుడు నాగరత్న వంటింట్లో ఉంది. అవతల ఒక అమ్మాయి చక్కటి పుస్తకాల తెలుగులో, ఈ సంభాషణ రికార్డు అవుతుందని చెప్పి, పేరూ ఊరూ అడిగి, ఆ తర్వాత ఆ మాట అంది.

"మీకు ముందస్తు వ్యాధులు ఏమైనా ఉన్నాయా సార్?"

ముందస్తు. నేను పేపరు చదివే మనిషిని. అరెస్టు కాకముందే తెచ్చుకునేది ముందస్తు బెయిలు. గడువు రాకముందే పెట్టేవి ముందస్తు ఎన్నికలు. మంత్రాలయం పోయేముందు లాడ్జిలో గది ముందస్తుగానే చెప్పుకుంటాం. అలాంటప్పుడు ముందస్తు వ్యాధులంటే ఏమిటి? రాకముందే చెప్పి పెట్టుకోవలసినవి. చెప్పిందే లెక్కకు వస్తుందని బసవరాజు అన్నది దీని గురించే అన్నమాట. నా బుర్రలో దీపం వెలిగింది. ఆ దీపమే ఇల్లు కాల్చింది.

మా వంశంలో ఎవరికేమున్నాయో గబగబా తలచుకున్నాను. నాన్న షుగరు, అమ్మ బీపీ, పెద్దనాన్న కిడ్నీలో రాళ్లు, మేనత్త మోకాళ్లు అన్నీ చెప్పాను. ఎందుకైనా మంచిదని గుండెను కూడా కలిపాను.

"ఇవన్నీ మీకేనా సార్?"

"నాకే మేడం. ఇప్పుడు కొత్తగా ఏమన్నా ఎక్కువ వస్తాంటే అవీ ఏసుకోండి."

"ఎప్పటి నుంచి ఉన్నాయి సార్?"

పాలసీ ఎప్పటి నుంచి మొదలు కావాలని అడుగుతోందనుకున్నాను. "ఈ రోజు నుంచే రాసుకోండి మేడం."

"అన్నీ ఈ రోజు నుంచేనా?"

"అన్నీ ఒకేసారైతే మీకూ లెక్క సులువు గదా."

"చికిత్స తీసుకుంటున్నారా సార్?"

"ఇంకా ల్యా మేడం. ముందు పాలసీ రానీండి, ఆమీట సూపిచ్చుకుంటా."

ఇంత నిజాయితీగా కంపెనీని ముంచుతానని చెప్పినవాడు ఆ అమ్మాయికి అంతవరకు తగిలి ఉండడు. ఇక మా ఆవిడ సంగతి అడిగింది. నాగరత్నకు ఆయాసం ఇప్పటికే ఉంది కదా, వచ్చేసినదాన్ని ముందస్తు అని ఎలా అంటాం? అందుకని లెక్క తప్పకుండా చెప్పాను.

"ఆమెకు ముందస్తువి ఏమీ ల్యా మేడం."

నాగరత్న గరిటెతో పరుగెత్తుకొచ్చేసరికి ఫోను పెట్టేశాను. ఏం చెప్పావని అడిగింది. గర్వంగా అంతా చెప్పాను. ఆమె నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

రెండో రోజుకు జవాబు వచ్చింది. జబ్బు మచ్చుకైనా ఎరగని నాకు పాలసీ ఇవ్వరట. ఆయాసంతో నిద్ర పట్టని నాగరత్నకు మాత్రం పూర్తి ఆరోగ్యవంతురాలని, అతి తక్కువ ధరలో ఇస్తారట. ఆమెకు చవగ్గా వచ్చింది కదా అని నేను సంబరపడుతుండగా బసవరాజు ఆదోని నుంచి పడుతూ లేస్తూ వచ్చాడు.

"ముందస్తు అంటే ముందే ఉన్నది బావా. రాబోయేది కాదు."

"మరి ముందే ఉన్నదా అని అడిగితే వాళ్ల సొమ్మేం పోయె?"

బసవరాజు నెత్తి కొట్టుకుని అసలు సంగతి చెప్పాడు. రేపు ఆయాసం వచ్చి ఆసుపత్రిలో పడితే, కంపెనీ కర్నూలు కాగితాలు తిరగేసి, జబ్బు దాచారని పైసా ఇవ్వదు. ఆమె కోసం తిరిగి తిరిగి సంపాదించిన పాలసీని ఆమెకు పనికిరాకుండా చేసింది నేనే.

నాగరత్న ఫోను తీసుకుని కంపెనీకి తనే చేసింది. ఆయాసం ఉందని, ఆసుపత్రిలో పడ్డానని, పీల్చే మందు వాడుతున్నానని చెప్పింది. ధర కాస్త పెంచి పాలసీ ఇచ్చారు. ఆయాసానికి మాత్రం మూడేళ్లు ఆగాలన్నారు.

"ఆగాల్సింది మనమా, ఆయాసమా?" అని అడిగాను. నాకు నిజంగానే అర్థం కాలేదు. నన్ను మాట్లాడవద్దన్నారు.

మీరు కంగారు పడతారని ఇప్పుడే చెప్పేస్తున్నాను, ఆ గడువు దాటాక వచ్చిన ఆయాసానికి బిల్లు కంపెనీయే కట్టింది. ఇక అప్పటికి మిగిలింది నేను. రికార్డులో అన్ని జబ్బులు పలికాను కనుక, అవేవీ లేవని డాక్టరు చేత రాయించుకురమ్మన్నారు. ఆదోనిలో ఒక డాక్టరు దగ్గరికి బసవరాజే తీసుకెళ్లాడు.

"ఏంది నీ బాధ?" అన్నాడు డాక్టరు.

"ఏ బాధా ల్యా సార్. ల్యా అని రాసియ్యాల."

ఆయన బసవరాజు వైపు చూశాడు. బసవరాజు గోడ వైపు చూశాడు. రక్తం తీసుకున్నారు, గుండె చూశారు, పొట్ట మీద జిగురు పూసి కిడ్నీలు చూశారు. సాయంత్రానికి ఫలితాలు వచ్చాయి. గుండె భేషుగ్గా ఉంది, బీపీ లేదు, రాళ్లు లేవు. షుగరు మాత్రం ఉంది.

ఇంటికొచ్చి ఆ కాగితం నాగరత్న చేతిలో పెట్టాను. రెండుసార్లు చదివింది. ఆ వారంలో మొదటిసారి నా ముఖంలోకి చూసింది.

"ఈ రోజు నుంచే రాసుకోండి అంటివి గదప్పా. రాసుకున్నారు."

అని నవ్వడం మొదలుపెట్టి, నవ్వి నవ్వి ఆయాసం వచ్చి, మందు పీల్చి, మళ్లీ నవ్వింది. ఆ తర్వాత నా టీ గ్లాసు తీసుకుని, వెళ్లి చక్కెర లేని టీ పట్టుకొచ్చింది. నాకు కూడా పాలసీ ఇచ్చారు లెండి, ధర పెంచి, షుగరుకు మూడేళ్లు ఆగమని.

కాబట్టి పాఠక మహాశయులారా, నా కొట్టులోని కొత్త తువ్వాలు మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ జబ్బునూ అది రాకముందు పేరు పెట్టి పిలవను. ముందస్తు అన్న మాట ఎవరి నోట వినపడినా జవాబు చెప్పను. మొన్న సూరత్ నుంచి తువ్వాళ్ల వ్యాపారి ఒకాయన ఫోన్ చేసి, ఉగాదికి ముందస్తు శుభాకాంక్షలు అన్నాడు. మాకేమీ వద్దని చెప్పి ఫోను పెట్టేశాను.