అరవై చదరాల కేప్

ప్రతి ఉదయం కిటికీ రెక్కలు తీయగానే మా పెద్దమ్మ కుడిచేతిని గట్టు మీద బోర్లా పెట్టి, కాసేపు దాన్నే చూస్తూ కూర్చుంటుంది. "ఏం చూస్తున్నావు?" అని ఒకసారి అడిగితే, "ఇది లేచిందో లేదోనని. నాకంటే బద్ధకస్తురాలు" అంది. నవ్వేసి ఊరుకున్నాను. ఆ అలవాటు ఎప్పుడు మొదలైందో అప్పుడు పట్టించుకోలేదు. ఇప్పుడు వెనక్కి లెక్కవేస్తే, లేసు కేప్ మొదలుపెట్టిన మూడో నెలలో అని తేలుతోంది.

పెద్దమ్మ మా అమ్మకు అక్క. పెళ్ళి చేసుకోలేదు. మా ఇంట్లోనే, మెట్ల పక్క గదిలో ఉంటుంది. ముప్పై రెండేళ్లుగా కొక్కెం సూదితో క్రోషే లేసు అల్లుతోంది. ఆమె అల్లిన వంద చదరాలు కుప్పపోసి కలిపేసినా ఏది ముందుదో ఏది వెనకదో ఎవరూ చెప్పలేరు. అచ్చు గుద్దినట్టు అల్లుతుందని లేసు పనివాళ్ళు 'అచ్చక్క' అని పేరు పెట్టారు. మిగతావాళ్ళకు ఇళ్ళు, పిల్లలు ఉన్నట్టు పెద్దమ్మకు ఆ పేరు ఉంది. అది పోతే తనకు ఏం మిగులుతుందో ఆమె ఎప్పుడూ అనలేదు కానీ, మాకు తెలుసు.

బట్టల షాపు నడిపే ఒకావిడ భుజాల మీద కప్పుకునే లేసు కేప్ కావాలంది. అరవై చదరాలు, పన్నెండేసి చొప్పున ఐదు వరసలు. ఒక్కోటి నాలుగున్నర అంగుళాలు, అన్నీ ఒకే కొలత. ఏడు నెలల గడువు.

పెద్దమ్మకు ఒక పద్ధతి ఉంది. పూర్తయిన చదరాన్ని మళ్ళీ చూడదు. గోడ మేకుకు వేలాడే మందపాటి దారానికి దాని మూలను గుచ్చేసి, తర్వాతది మొదలుపెడుతుంది. అన్నీ అయ్యేదాకా పరచడం, కొలవడం ఉండదు. మిగతావాళ్ళు పది చదరాలకోసారి స్కేలు పెట్టి చూసుకుంటారు. "చేతిని అనుమానించావంటే అది బెదురుతుంది" అనేది పెద్దమ్మ. ఆమె గదిలో స్కేలే లేదు.

ఆ ఏడు నెలల్లో చిన్న చిన్నవి జరిగాయి. ఒకరోజు పాలు అడుగంటి ఇల్లంతా మాడు వాసన కొడుతుంటే, పెద్దమ్మ పొయ్యి పక్కనే పీట మీద కూర్చుని అల్లుకుంటోంది. "ముక్కు తాకట్టు పెట్టావా అక్కా?" అని అమ్మ పరుగెత్తుకొచ్చింది. పెద్దమ్మ గిన్నె వంక ఆశ్చర్యంగా చూసింది. ఆమె గొంతు కూడా తగ్గుతూ వచ్చింది. "కాస్త గట్టిగా మాట్లాడు. మాటల్లో కూడా పొదుపేనా?" అనేది అమ్మ.

ఇంకోసారి బజారులో ఆమె వెనక నడుస్తున్నాను. ఎడమచెయ్యి ఊగుతోంది. కుడిచెయ్యి మాత్రం పక్కకు అతికించినట్టు కదలకుండా ఉంది. అందులో సంచీ లేదు, గొడుగు లేదు. చెబుదామనుకున్నాను. నడిచేటప్పుడు చెయ్యి ఊగడం లేదని ఎలా చెప్పడం?

అరవయ్యో చదరం అయిన మర్నాడు మధ్యాహ్నం నేల మీద దుప్పటి పరిచాం. పెద్దమ్మ మేకు నుంచి దారం దించి, అడుగు ముడి విప్పి, మొదటిదాని నుంచి ఒక్కో చదరం తీసి ఇస్తుంటే నేను పేరుస్తున్నాను. మొదటి వరస బాగానే కుదిరింది. రెండో వరస చివర కాస్త జాగా మిగిలింది. మూడో వరసకు పక్కపక్క అంచులే కలవలేదు.

"ఆ మూలది కాస్త లాగవే."

"లాగాను పెద్దమ్మా. రావడం లేదు."

"సరిగా పట్టుకుంటేగా! పుస్తకాలు పట్టుకునే చేతులు." వంగి తనే లాగింది. అంచులు అప్పుడూ కలవలేదు.

నేను ఒకటో చదరం కింద పెట్టి, అరవయ్యోది దాని మీద పెట్టాను. చుట్టూ వేలు మందాన కిందది కనిపించింది, కంచంలో సాసరు పెట్టినట్టు. పెద్దమ్మ రెండింటినీ తీసుకుని వెలుతురుకు పట్టుకుని కుట్లు లెక్కపెట్టింది. రెండింటిలోనూ అన్నే ఉన్నాయి. ఒక్కటి తగ్గలేదు. సూది మారలేదు. పువ్వు మారలేదు.

"దారం మారింది," అంది. "ఆ దారం కొట్టువాడు సన్నదారం అంటగట్టాడు."

ఆ సాయంత్రమే దారం కొట్టుకు వెళ్ళాం. కొట్టతను పెట్టె తీసి ముందు పెట్టాడు. "అదే మిల్లు, అదే నంబరు అచ్చక్కా. చూసుకో."

"సన్నబడింది."

"పాతికేళ్లలో నేను లావెక్కాను కానీ నా దారం సన్నబడలేదు." పొట్ట నిమురుకున్నాడు. పెద్దమ్మ నవ్వలేదు. అతనికి ఇబ్బంది అనిపించినట్టుంది. "సరే, ఫిర్యాదు రాసివ్వు. మిల్లువాళ్ళకు పంపిస్తాను" అని కాగితం, పెన్ను జరిపాడు.

పెద్దమ్మ నిలబడే రాసింది. ఆమె భుజం పక్కనుంచి చదివాను. మొదటి వరసలో నాకు చిన్నప్పటినుంచి తెలిసిన గుండ్రటి దస్తూరి. రెండో వరసలో అక్షరాలు దగ్గరికి జరిగాయి. నాలుగో వరసకు చీమ తలకాయలంత అయ్యాయి. రోజూ పుస్తకాలు చదివేదాన్ని, అయినా చివరి మాట ఏమిటో పోల్చుకోలేకపోయాను. మేకు దారానికి గుచ్చిన చదరాలన్నీ, పెద్దదాని నుంచి చిన్నదాని దాకా, ఒక్కసారి కాగితం మీద కనిపించినట్టయింది.

"పంపకండి," అన్నాను కొట్టతనితో. కాగితం మడిచి నా సంచిలో పెట్టుకున్నాను.

వీధి మలుపు తిరిగాం. "చూశావుగా?" అంది పెద్దమ్మ.

"చూశాను."

"కేప్ ఇచ్చేదాకా మీ అమ్మకు చెప్పకు. ఇల్లు పీకి పందిరేస్తుంది."

మళ్ళీ అల్లడానికి గడువు లేదు. గడువు ఉన్నా, అల్లితే ఏమొస్తుందో ఇద్దరికీ తెలుసు. రెండు రోజులు ఆమె చదరాల ముందు ఊరికే కూర్చుంది. మూడోరోజు అన్నీ మళ్ళీ దారం మీద ఉన్న క్రమంలోనే పెట్టమంది. మొదటి పన్నెండు అడుగు వరస. తర్వాతి పన్నెండు దాని పైన. అలా పైకి పోను పోను చిన్నవి, మెడ దగ్గర చివరి పన్నెండు. వాటిని కలిపి కుట్టడానికి ఆమెకు పది రోజులు పట్టింది. సూది అందించడం తప్ప నన్నేమీ ముట్టుకోనివ్వలేదు.

షాపులో ఆవిడ దాన్ని బొమ్మకు తొడిగి వెనక్కి జరిగింది. కేప్ భుజాల మీద నుంచి నీళ్ళు జారినట్టు జారింది. ఎక్కడా ముడత లేదు. ఒకే కొలత చదరాలైతే మెడ దగ్గర కుచ్చులు పడి ఉండేవి.

"ఆంటీ! ఈ తగ్గింపు ఎలా వేశారు? ఎక్కడ తగ్గించారో కూడా తెలియడం లేదు!"

"నాకూ తెలియలేదమ్మా," అంది పెద్దమ్మ.

ఆవిడ పకపకా నవ్వింది. "ఎంత పొదుపుగా చెబుతారో! అచ్చం ఇలాంటివే ఇంకో పది కావాలి. ఇదే కొలతల్లో."

పెద్దమ్మ కేప్ అంచును ఎడమచేత్తో సవరించింది. కుడిచెయ్యి పైట కింద దాచుకుని ఉంది.

"ఇంకోటి అల్లితే అంతా మెడే అవుతుందమ్మా," అంది మెల్లగా. ఆవిడకు వినపడలేదు. "ఏమన్నారు?" అంది. నేను "తర్వాత చెబుతామండీ" అని పెద్దమ్మ మోచెయ్యి పట్టుకుని బయటకు తీసుకొచ్చాను. ఆ చెయ్యి చెక్కలా బిగుసుకుని ఉంది.

వారం తర్వాత నరాల డాక్టరు ఆమెను గదిలో ఆ చివరి నుంచి ఈ చివరికి నడవమన్నాడు. తర్వాత ఒక వాక్యం రాయమని కాగితం ఇచ్చాడు. నేను సంచిలోంచి ఆ ఫిర్యాదు కాగితం తీసి ముందు పెట్టాను. ఆయన దాన్ని చాలాసేపు చూశాడు. "ఇలా ఎప్పటినుంచి?" అని అడిగాడు.

"ఇరవయ్యో చదరం దగ్గర్నుంచి," అంది పెద్దమ్మ.

ఆయనకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది. అంటే ఆమెకు అప్పుడే తెలుసు. దారానికి గుచ్చి, చూడకుండా, ఇంకో నలభై అల్లింది.

షాపావిడకు ఆ పదీ అల్లలేమని నేనే ఫోన్ చేసి చెప్పాను. వాసన తెలియకపోవడం, గొంతు తగ్గడం, చెయ్యి బిగుసుకోవడం, చేసేదంతా చిన్నదైపోవడం, అన్నీ ఒకే నరాల జబ్బని డాక్టరు చెప్పాడు. ఇప్పుడు పెద్దమ్మ దానికి రోజుకు మూడు మాత్రలు వేసుకుంటుంది. మధ్యాహ్నం మాత్ర పని చేసే గంటన్నర అల్లుతుంది. ఒక చదరానికి పదిహేను రోజులు పడుతోంది. అయిన ప్రతిదాన్నీ నా స్కేలుతో కొలిచి, దారానికి గుచ్చుతుంది.