ఎవరూ మిగిలిపోని వరుస

మా సారు పోయారు. కర్నూలు కాలేజీలో ల్యాబ్ అటెండరు బద్వేలులో ఉన్న నాకు ఫోన్ చేసి, "మన సారు నిన్న సాయంత్రమే పోయినాడంటప్పా. గది బాడుగకిచ్చిన ఇంటామె ఈ పొద్దు చూసింది" అన్నాడు. బస్సెక్కి సారు ఉండే కల్లూరు చేరేసరికి అంతా అయిపోయింది.

మీలో చాలామందికి ఆయన తెలియదు. మాకు డేటాబేస్ పాఠం చెప్పారు. పెళ్లి చేసుకోలేదు, అద్దె గదిలో ఒక్కరే ఉండేవారు. బోర్డును అరచేత్తో తుడిచి, ఆ సుద్ద చేత్తోనే టీ గ్లాసు పట్టుకునేవారు.

చివరి ఏడాది నా ప్రాజెక్టు, డేటాబేస్ వేగాన్ని కొలిచే ప్రోగ్రాం. రికార్డులను వరుసగా అడిగితే కంప్యూటరు తర్వాతివి ముందే తెచ్చిపెట్టుకుని లేని వేగం చూపిస్తుంది. అందుకని కలగాపులగంగా అడగాలి. అయినా ఒక్కటీ మిగలకూడదు, ఏదీ రెండోసారి రాకూడదు. సారు కిటుకు చెప్పారు: ప్రతిసారీ ఆరు వందల ముప్పై ఏడు దూకు, చివర దాటితే మొదటికొచ్చి లెక్క కొనసాగించు. వెయ్యి రికార్డుల మీద చక్కగా నడిచింది.

నేను ఆశకొద్దీ రికార్డులను పద్నాలుగు వందలు చేశాను. వేగం అదిరిపోయింది. సారు ల్యాబులో అందరికీ మిరపకాయ బజ్జీలు తెప్పించారు. రిపోర్టు బైండింగు కూడా అయిపోయాక, వైవా రోజు పొద్దున కాగితం పట్టుకుని వచ్చారు.

"రెండంకెలూ ఏడో ఎక్కంలో పోతాయి గదప్పా. రెండు నూర్లనే ఏడేసి మార్లు చూసినాం. పన్నెండు నూర్ల గడప మనం తొక్కనే లేదు."

నా డిగ్రీ పోయిందనుకున్నాను. పరీక్షకు వచ్చినాయన ముందు సారే లేచి, "తప్పు పిల్లోనిది కాదు, ఆ అంకె నేను చెప్పిందే" అన్నారు. అలా పాసయ్యాను.

రిటైరయ్యాక ఆ ప్రోగ్రాంతోనే పాత విద్యార్థుల పేర్లు కలగాపులగం చేసి ప్రింటు తీసుకున్నారు. రోజుకొకరికి ఫోన్ చేసేవారు. కలగాపులగం ఎందుకు సార్ అంటే, "వరుసన చేస్తే నా ఫోన్ ఎప్పుడొస్తాదో తెలిసిపోతాది. తెలిస్తే ఏం బాగుంటాది?" అనేవారు. దూకే అంకెను మాత్రం మూడుసార్లు సరిచూసుకునేవారు. "ఎవురూ మిగిలిపోకూడదప్పా."

రెండు నిమిషాలే మాట్లాడేవారు. తిన్నావా, వానలు పడినాయా, అంతే. నా అంతట నేను ఒక్కసారీ చేయలేదు. ఎలాగూ ఆయనే చేస్తారులే అనుకున్నాను. తలుచుకుంటే సిగ్గుగా ఉంది.

"ఆయప్ప అందరికీ చేసేదే గానీ, ఆయప్పకు ఫోన్ మోగింది నేను యానాడూ ఇనల్యా" అంది ఇంటామె గది తలుపు తీస్తూ. ఫోన్ పక్కనే ఆ కాగితాలున్నాయి. మొన్నటి పేరు దాకా టిక్కులు. టిక్కు పడని మొదటి పేరు ఆత్మకూరు అతనిది, నాకు తెలియనివాడు. ఎవరో ఒకరు చెప్పాలి కదా అని సారు ఫోన్ నుంచే అతని సెల్లుకు చేశాను.

ఒక్క రింగుకే ఎత్తాడు. నేను నోరు తెరిచేలోపే, "సార్, నా వంతు వచ్చిందా? చెప్పండి సార్, వింటాండా" అన్నాడు.