ఆరువందల పన్నెండు మీటర్ల కళ్లం

సోమవారం ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు మొదలై, పదకొండు గంటల యాభై నిమిషాలకు ముగిసిన పని అది. పొడవు ఆరువందల పన్నెండు మీటర్లు. వెడల్పు మీటరున్నర. గీత మందం పది సెంటీమీటర్లు. ఖర్చయిన సున్నం ఏడు బస్తాలు, తుమ్మబంక నాలుగు కిలోలు. మొదటి మేకు నుంచి చివరి మేకు దాకా తాడు లాగి చూస్తే వంకర ఎక్కడా నాలుగు మిల్లీమీటర్లకు మించలేదు. ఇంత కచ్చితమైన కొలతలతో, ఇంత శాస్త్రీయంగా, తన ఉద్యోగానికి తానే గొయ్యి తవ్వుకున్న మనిషి అనంతపురం జిల్లాలో మరొకడు ఉన్నాడని ఎవరైనా రుజువు చేస్తే ఈ కథ ఇక్కడితో ఆపేస్తాను.

ఎవరూ చేయలేరు. కనుక వినండి.

డెబ్బైల చివరి మాట ఇది. నాకు ఇరవైమూడేళ్లు. పాలిటెక్నిక్ డిప్లొమా చేతబట్టుకుని, కదిరి నుంచి బస్సులో గంటంపావు దూరంలో ఉన్న ఒక ఊరి పంచాయతీలో ఓవర్సీరుగా చేరాను. ఊరి పేరు చెప్పను. చెబితే అక్కడివాళ్లు నన్ను ఇప్పటికీ గుర్తుపడతారు. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఏడాది గడువు నవంబరుతో ముగుస్తుంది. డివిజను ఇంజనీరుగారు వచ్చి నా పని చూసి, బాగుందని రాస్తే ఖాయం. లేదంటే తొమ్మిది కిలోమీటర్ల అవతల ఉన్న మా పల్లెకు వెళ్లి, మా నాయన వెనక గుంటక తోలుకోవాలి.

నాయనకు ఆ రెండో మాట తెలియదు. "మావోడు గవుర్నమెంటు రోడ్లు గీస్తాండాడు" అని పల్లెలో అప్పటికే చాటింపు వేసేశాడు.

బస్టాండు నుంచి నూనె మిల్లు దాకా ఉన్న తారురోడ్డు మీద లారీలకూ సైకిళ్లకూ నిత్యం తగాదా. సైకిళ్ల పక్షాన పాల ఓబులేసు. క్యారియరుకు ఇరువైపులా రెండు క్యాన్లు కట్టుకుని తిరిగేవాడు. ఎదుటి పక్షాన మిల్లు లారీ నడిపే బాషా. ఆ ఏడు లారీ గాలికి ఓబులేసు మూడుసార్లు పడ్డాడు. మూడుసార్లూ రోడ్డు తెల్లబడింది. మూడుసార్లూ వాళ్లిద్దరూ ఒకరి వంశాన్ని మరొకరు పూర్వీకుల దాకా స్మరించుకున్నారు.

నేను కార్యరంగంలోకి దూకాను. ఆగస్టులో మూడు రోజులు, ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఆరు వరకు, టీ అంగడి అరుగు మీద కూర్చుని లెక్క తీశాను. సైకిళ్లు పన్నెండువందల ఎనభైనాలుగు. లారీలు తొంభైఆరు. ఎద్దులబండ్లు యాభైఎనిమిది. సైకిలు హ్యాండిలు వెడల్పు అరవై సెంటీమీటర్లు. ఎదురెదురుగా రెండు సైకిళ్లు తగలకుండా పోవాలంటే మీటరున్నర చాలు. అంత దోవ సైకిళ్లకు ప్రత్యేకించాలి. సైకిలు కాక మరే వాహనం అందులోకి వచ్చినా ఐదు రూపాయల జుల్మానా. సైకిలు అందులోంచి బయటికొస్తే రూపాయి. పంచాయతీ తీర్మానించేసరికి నవంబరు వచ్చింది. నిబంధనలు నేనే రాశాను. "వాహనం" అనే మాటకు మూడు ఉపవాక్యాలతో నిర్వచనం ఇచ్చాను. ఈగ కూడా దూరలేనంత కట్టుదిట్టంగా రాశానని గర్వపడ్డాను. ఈగ దూరలేదు, నిజమే. దూరింది వేరొకటి.

సున్నంలో తుమ్మబంక ఎందుకు కలిపానంటారా? వానకు గీత చెరిగిపోకూడదని. అనంతపురం జిల్లాలో వానకు భయపడిన మొదటి ఇంజనీరును నేనే అయ్యుంటాను. ఎక్కడ మొదలో ఎక్కడ ముగింపో అనుమానం ఉండరాదని రోడ్డు అంచున ఇంకో గీత, రెండు కొసలా అడ్డగీతలు కూడా గీయించాను. నాలుగు వైపులా మూసిన చక్కటి దీర్ఘచతురస్రం తయారైంది. ఈ దీర్ఘచతురస్రాన్ని కాస్త గుర్తుంచుకోండి.

మొదటి రోజు నా జీవితంలోకెల్లా గొప్ప రోజు. సైకిళ్లు చీమలబారులా నా గీత లోపల సాగుతుంటే, మీసం మొలవని చోట కూడా మెలితిప్పుకున్నాను.

"ఏమన్నా బాషన్నా, చూస్తివా?" ఓబులేసు బెల్లు కొడుతూ అరిచాడు. "నీ చక్రం ఈ తట్టు వచ్చిందంటే ఐదు రూపాయలు!"

"ఐదు రూపాయలిస్తే నీ దోవేంది, నిన్నే కొనుక్కుంటా పోప్పా!" లారీలోంచి బాషా. "నువ్వు గీత దాటు, రూపాయి యాడ తెస్తావో చూస్తా."

జుల్మానా వసూలుకు బిల్లు కలెక్టరు రామాంజులును నియమించారు. చెవిలో పెన్సిలు, చంకలో రసీదు పుస్తకం. కన్నతండ్రి ఎదురొచ్చినా ముందు రసీదు రాసి, తర్వాత కుశలం అడిగే మనిషి.

మూడో రోజు ఉదయం దీర్ఘచతురస్రం తూర్పు కొసన పన్నెండు మీటర్ల మేర ఎర్రమట్టి రంగులో ఏదో కనిపించింది. దగ్గరికెళ్లి చూశాను. వేరుశనగ కాయలు. పక్కనే కొంగు తలకింద పెట్టుకుని ఎర్రమ్మవ్వ నిద్రపోతోంది.

"అవ్వా, లెయ్యి. ఇది సైకిళ్ల దోవ."

"తెలుసప్పా. లారీలు రావంట గదా?"

"రావు."

"వస్తే ఐదు రూపాయలంట గదా?"

"అవును, కాని..."

"ఇన్నేండ్లు ఈ రోడ్డు మీదనే ఆరబోసుకుంటాంటిమి. యా లారీ వచ్చి తొక్కుతాదోనని కట్టె పట్టుకోని కూచుంటాంటి. నువ్వొచ్చినాక కన్నుమూసి పండుకుంటాండా. నీ కడుపు సల్లగుండ."

"అవ్వా, ఈ గీత ఎందుకు గీశాననుకున్నావు?"

అవ్వ నన్ను పైనుంచి కింది దాకా చూసింది. "సున్నం గీత ఎందుకు గీస్తారప్పా? కళ్లంలో రాశి చుట్టూ గీస్తారు. గీతలోన ఉండేది ఎవురూ తొక్కగూడదు, ముట్టగూడదు. నువ్వు రైతు బిడ్డవేనా?"

పాఠకులారా, ఆ క్షణంలో నా డిప్లొమా నా జేబులోనే ముడుచుకుపోయింది. మా వైపు పంట కళ్లానికి చేరాక, కుప్ప చుట్టూ సున్నంతోనో బూడిదతోనో గీత గీస్తారు. ఆ గీత లోపలికి చెప్పులతో ఎవరూ అడుగుపెట్టరు. దొంగ కూడా ఒక నిమిషం ఆలోచిస్తాడు. మా నాయన ఏటా గీసేవాడు. సున్నం డబ్బా పట్టుకుని ఆయన వెంట నడిచినవాణ్ణి నేనే! పాలిటెక్నిక్‌లో మూడేళ్లు వందల గీతలు గీసి, పుట్టి పెరిగిన గీతను మరిచిపోయాను.

గదికి పరుగెత్తి నిబంధనలు తిరగేశాను. లారీ ఉంది. జీపు ఉంది. స్కూటరు, మోపెడ్, ఎద్దులబండి, చివరికి తోపుడుబండి కూడా ఉంది. కాయలు లేవు. చట్టంలో అన్నీ ఉన్నాయి, ఓవర్సీరు నుదుటనే శని ఉంది. సవరణ చేయాలంటే పంచాయతీ సమావేశం కావాలి. అది ఇంకా పదిహేను రోజులకు. పైగా మరునాటికల్లా నూటపదో మీటరు దగ్గర ప్రెసిడెంటుగారి ఇంటి కాయలే ఆరుతున్నాయి.

శుక్రవారానికి ఆరువందల పన్నెండు మీటర్లలో ఐదువందల నలభై నిండిపోయాయి. ఎలా తెలుసంటారా? టేపుతో కొలిచాను. ఏడుస్తూ కూడా కొలిచే అలవాటు నాది.

ఇక సైకిళ్లు ఎక్కడ నడవాలి? లారీల వైపు. అక్కడ రామాంజులు.

"రూపాయి."

"దోవ నిండా చెనిక్కాయలుండాయి గదన్నా, యాడ పోవల్ల?" ఓబులేసు గోల.

"కాయలకు రూలు లేదు. నీకుండాది. రూపాయి."

"కాయల మీద తోలితే?"

"నా కాయల మీద తోల్తావేమిరా, నీ క్యాన్లు ఇరగ్గొడతా!" ఎర్రమ్మవ్వ కట్టె మళ్లీ చేతికొచ్చింది.

ఓబులేసు సైకిలును తప్పించబోయి బాషా లారీ ఒక చక్రాన్ని గీత మీదికి ఎక్కించాడు. కాయలకు జానెడు దూరంలో బ్రేకు కొట్టాడు.

"ఐదు," అన్నాడు రామాంజులు.

"వాణ్ణి తొక్కితే జైలు, కాయలు తొక్కితే పాపం, గీత తొక్కితే ఐదు రూపాయలా?" బాషా స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు. "సామీ ఓవర్సీరూ, మూడు దినాలాయె, రెండో గేరు ఎట్లుంటాదో మర్చిపోయినా! మొదటి గేరులోనే పుట్టి మొదటి గేరులోనే సస్తా!"

"వాడు చెప్పింది నిజమే సామీ," అన్నాడు ఓబులేసు. ఆ ఇద్దరూ ఒక మాట మీద నిలబడటం ఊరు అదే మొదటిసారి చూసింది. కలిపినవాణ్ణి నేనే కాబట్టి తిట్లూ ఇద్దరూ కలిసే తిట్టారు.

అదే సాయంత్రం కార్డు వచ్చింది. డివిజను ఇంజనీరుగారు బుధవారం ఉదయం పదిన్నరకు తనిఖీకి వస్తున్నారు.

శని, ఆది, సోమ, మంగళవారాలు నేను ఇల్లిల్లూ తిరిగాను. "బుధవారం రెండు గంటలు, పది నుంచి పన్నెండు దాకా, కాయలు ఎత్తేయండి. నా ఉద్యోగం పోతుంది" అని చేతులు జోడించాను. మా సీమ మనుషుల నోరు గరుకు కాని మనసు కాదు. "ఓ రెండు గంటలకేమి లేప్పా" అన్నారు. బుధవారం తొమ్మిది నలభైఅయిదుకు ఎర్రమ్మవ్వ చివరి చేటెడు కాయలు గోనెలోకి ఎత్తింది. ఆరువందల పన్నెండు మీటర్లూ అద్దంలా మెరిశాయి. తూర్పు కొసన నిలబడి ఒకసారి తనివితీరా చూసుకుని, సైకిలెక్కి పడమటి కొసకు, బస్టాండుకు, ఎదురుకోలుకు వెళ్లాను.

నేను వెనుదిరిగిన తర్వాత జరిగింది నాకు తర్వాత తెలిసింది. మీకు ముందే చెబుతాను.

పది గంటల ఐదు నిమిషాలకు తూర్పు కొసన ఒక ఎద్దులబండి ఆగింది. అందులో నాలుగు బస్తాల కాయలు, వాటి మీద మా నాయన. కొడుకు టవునులో సర్కారు కళ్లం గీసినాడని పల్లెలో విని, తొమ్మిది కిలోమీటర్లు బండి తోలుకుని వచ్చాడు. కళ్లం ఖాళీగా ఉంది. "మావోడు నాకోసం పెట్టినట్టుండాది" అనుకుని నాలుగు బస్తాలూ కుమ్మరించాడు.

అది చూసి ఊరు ఏమనుకుంటుంది? "ఓవర్సీరు నాయనే పోస్తాండాడు, మనకేం రోగం?" అనుకుంది. పది ఇరవైకి గోనెలన్నీ మళ్లీ విప్పారు. తూర్పు కొస నాయన పాలయింది కనుక ఎర్రమ్మవ్వ పడమటి వైపు పోసుకుంది.

పది ఇరవైఏడుకు జీపు వచ్చింది. ఇంజనీరుగారు కోస్తా మనిషి, మితభాషి. నేను నమస్కరించి, "సార్, నేను సైకిలు దోవలో ముందు వెళతాను, మీరు జీపులో వెనక రండి" అని, తల వెనక్కి తిప్పి వివరిస్తూ తొక్కాను. "సార్, వెడల్పు మీటరున్నర! సార్, వంకర నాలుగు మిల్లీమీటర్లు! సార్, ఆగస్టు లెక్కల ప్రకారం..."

డెబ్బైరెండో మీటరు దగ్గర ముందు చక్రం కాయల్లోకి దిగింది.

తారు మీద ఎండిన వేరుశనగ కాయలు బాల్ బేరింగులతో సమానం. ఇది పాలిటెక్నిక్‌లో చెప్పరు. తాను గీసిన గీతలో తానే జారినట్టు, నేను ఒక వైపు, సైకిలు ఒక వైపు, నా మీద ఎదురుగా వస్తున్న ఓబులేసు, వాడి మీద రెండు క్యాన్లు. నాలుగోసారి రోడ్డు తెల్లబడింది. జీపు మమ్మల్ని తప్పించబోయి గీత మీదికి ఎక్కి ఆగింది.

రామాంజులు ప్రత్యక్షమయ్యాడు. "జీపు గీత మీదికొచ్చినాది. ఐదు రూపాయలు సార్." తర్వాత నా వైపు వంగి, "ఓవర్సీరు సార్, మీ ముందు చక్రం గీత బయటుండాది. రూపాయి."

ఇంజనీరుగారు ఐదు రూపాయలిచ్చి రసీదు తీసుకున్నారు. నేను పాలల్లో పడి ఉండి రూపాయి ఇచ్చాను.

"ఏంటయ్యా ఇది?" అన్నారాయన.

నేను నోరు తెరిచేలోగా, జీపును చూసి అప్పటికే తూర్పు కొస నుంచి బయలుదేరిన నాయన తలపాగా సర్దుకుంటూ వచ్చేశాడు. వచ్చినవారెవరో ఆయనకు తెలియదు. "కళ్లం సార్! మావోడే గీసినాడు. ఇంత నిటారు కళ్లం మా తాత ముత్తాతలు చూసిండ్లేదు."

"ట్రాఫిక్ లెక్క ఎప్పుడు తీశావు?" ఇంజనీరుగారు నన్ను అడిగారు.

"ఆగస్టులో సార్."

"వేరుశనగ ఎప్పుడు పీకుతారు?"

"నవంబరు సార్," నాయనే చెప్పాడు. "అదీ తెలీదా మీకు?"

"నాకు తెలుసు," అన్నారాయన నన్నే చూస్తూ. లెక్క తప్పలేదు. నెల తప్పింది.

ఆయన టేపు అడిగి గీతను మూడు చోట్ల కొలిచారు. రామాంజులును పిలిచి, "గీత గీశాక లారీ తగిలి ఎంతమంది పడ్డారు?" అన్నారు.

"ఒకరూ లేరు సార్. ఈ పొద్దు ఓవర్సీరు సారు పడిందే. అదీ లారీ తగిలి కాదు, కాయలు తగిలి."

"అంతకు ముందు?"

"నేనే సార్, మూడు తూర్లు పడినా!" ఓబులేసు పాలు తుడుచుకుంటూ చెయ్యెత్తాడు.

"ఎట్ల పడతారు సార్?" వెనకాల ఆగిన లారీలోంచి బాషా. "ఒక పక్క కాయలు, ఒక పక్క సైకిళ్లు. నడిచేటోళ్లు నన్ను దాటి పోతాండారు!"

ఇంజనీరుగారు బానెట్ మీద కాగితం పెట్టి రాశారు. అది ఇప్పటికీ నా దగ్గర ఉంది: "గీత అత్యంత నిటారుగా ఉన్నది. ఉద్దేశించిన ప్రయోజనం నెరవేరలేదు. ప్రమాదములు నిలిచిపోయినవి. ఉద్యోగము ఖాయపరచవచ్చును."

నాయనకు చదివి వినిపించాను. మధ్య వాక్యం వదిలేశాను.

ఆ తర్వాత నేను ఎక్కడెక్కడో వంతెనలు కట్టాను. వాటి మీద నా పేరు లేదు. ఆ గీతను మాత్రం ఎర్రమ్మవ్వ ఏటా నవంబరులో తన సున్నంతో తానే దిద్దించేదట. "ఓవర్సీరు కళ్లం" అనేవారట. ఏ రాతిఫలకం ఇవ్వగలదు ఆ గౌరవం?

అయినా ఆ సాయంత్రం, వాచిన మోకాలికి ఆముదం రాసుకుంటూ, పంచాయతీ ఆఫీసు గోడమీది క్యాలెండరు సాక్షిగా ప్రమాణం చేశాను: ఇకమీదట ఈ జిల్లా భూమి మీద ఏ గీత గీసినా, ముందు నెల చూస్తాను, తర్వాత నాయనను అడుగుతాను, ఆ తర్వాతే తాడు లాగుతాను. తల వెనక్కి తిప్పి సైకిలు తొక్కను.

చివరి లెక్క. ఓబులేసు పాలు పద్నాలుగు లీటర్లు, నా జీతంలోంచి. సొట్ట పడిన క్యాను ఒకటి. మోకాలి దగ్గర చిరిగిన ప్యాంటు ఒకటి. జుల్మానా, నాది రూపాయి, ఇంజనీరుగారిది ఐదు. నా కింద పడి నలిగిన కాయలు, ఎర్రమ్మవ్వ చెప్పిన ప్రకారం నాలుగు శేర్లు, నేను తూచిన ప్రకారం ఒకటిన్నర.

గీతకు నష్టమేమీ లేదు.