భాగానికీ భాగానికీ మధ్య దగ్గు

నేను టీవీలో చూసే ఆ పాశ్చాత్య సంగీతం రికార్డింగులో రెండో భాగం ముగిశాక ఒకాయన దగ్గుతాడు. ఏదో చల్లటి దేశంలో, పెద్ద హాల్లో, ఏ ఎనిమిదో వరుసలోనో. ముఖం కనపడదు. వాద్యబృందాన్ని నడిపించే కండక్టరు చేతులు దించుతాడు, వయొలిన్ల వాళ్ళు కాగితాలు తిప్పుకుంటారు, ఆ సందులో ముందుగా ఆయన పొడి దగ్గు రెండుసార్లు వినిపిస్తుంది, ఆ వెనకే హాలంతా దగ్గుతుంది. తర్వాత మూడో భాగం మొదలవుతుంది. ఆ సింఫనీ ఎన్నిసార్లు చూశానో నాకే తెలియదు. సంగీతం సగం మర్చిపోతుంటాను. ఆ దగ్గు వచ్చే ముందు మాత్రం నాకు తెలియకుండానే పక్క కుర్చీ వైపు చూస్తాను.

నేను సంగీతం తెలిసినవాణ్ణి కాను. జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరయ్యాను. బుక్కరాయసముద్రంలో ఇల్లు కట్టుకున్న రెండో ఏడే బోరు ఎండిపోయింది. ఇంకెక్కడ వేయించాలో తేలక, నీళ్ళు చూసేవాళ్ళ వీడియోలు టీవీలో వరసపెట్టి చూస్తుండేవాణ్ణి. కొందరు అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నడుస్తారు, కొందరు వేపపుల్ల పట్టుకుని. ఒక మధ్యాహ్నం టీవీ తనంతట తానే ఇంకో వీడియో వేసింది. అందులోనూ ఒకాయన పుల్ల పట్టుకునే ఉన్నాడు. ఎదురుగా నల్లకోట్ల వాళ్ళు ఎనభై మంది దాకా కూర్చున్నారు. ఆయన పుల్ల ఎత్తాడు. నీళ్ళు పడలేదు గానీ గంటసేపు నేను కుర్చీలోంచి లేవలేదు.

మా వీధి చివర బ్యాండు మాస్టరు ఉండేవాడు. నలభై ఏళ్ళు పెళ్ళిళ్ళలో క్లారినెట్ ఊదిన సాయిబు. గుత్తి నుంచి కొత్తచెరువు దాకా ఆయన ముందు నడవని పెళ్ళికొడుకు లేడు. దగ్గు పట్టుకున్నాక డాక్టరు క్లారినెట్ మాన్పించాడు. ఆయన ఊదడం మానేశాడు, దగ్గు మానలేదు. భార్య చెనక్కాయల మిల్లులో పనిచేసేది. వేరుశెనగ పొట్టు దుమ్ము ఆమె చీరల నిండా ఉండేది. "నా దగ్గు నీ చీరలోదే" అని ఆయన తేల్చేశాడు. పాపం ఆమె ఇంట్లోకి వచ్చే ముందు దొడ్లోనే చీర మార్చుకునేది. డాక్టరు ఒక మాట చెప్పి పంపాడట: దుమ్ము లేని చోట కూడా దగ్గు వస్తుంటే ఆలస్యం చేయకుండా బెంగళూరు తీసుకుపోయి పరీక్షలు చేయించాలని.

ఒకరోజు ఆమె మా గేటు దగ్గరికి వచ్చింది.

"సార్, మధ్యాన్నాలు మా ఆయన్ని మీ ఇంట్లో కూసోబెట్టుకుంటారా? మీరు కిటికీలు మూసి ఏసీ ఏసుకుంటారు, దుమ్ము రాదు. ఈడ గూడా దగ్గుతాండాడేమో కాస్త చూసి చెప్పండి. నాకైతే అబద్ధం చెప్తాడు. బెంగళూరంటే ఆయనకు భయం."

"పరీక్షల డ్యూటీ అన్నమాట," అన్నాను. ముప్పై ఏళ్ళు చేసిన పనే. స్లిప్పు పెట్టుకున్నవాణ్ణి వీపు చూసి పట్టేస్తానని కాలేజీలో నాకు పేరు. ఆ పేరు నేనే ప్రచారం చేసుకున్నాను, అది వేరే సంగతి.

మొదటిరోజు ఆ నాలుగు భాగాల సింఫనీయే పెట్టాను. మొదటి భాగం అయిపోగానే మాస్టరు చప్పట్లు కొట్టాడు.

"ఇప్పుడు కొట్టకూడదు మాస్టరూ. నాలుగూ అయ్యాకే."

"ఏమప్పా ఇది! అంత బాగా ఊదితే గమ్మునుండల్లనా? మా పెండ్లిండ్లలో గమ్మునున్నారంటే మమ్మల్ని మార్చేస్తాండారని అర్థం."

"దగ్గకూడదు కూడా. మధ్యలో దగ్గినవాణ్ణి బయటికి తోలి తలుపేస్తారు."

తలుపేయడం నా కల్పన. నాకు ఆ మర్యాదలన్నీ తెలిసి పదిహేను రోజులే అయింది. కొత్తగా తెలిసిన విషయాన్ని మనం ఎంత అధికారంగా చెబుతామో ప్రతి లెక్చరరుకూ తెలుసు.

"మరి దగ్గొస్తే ఏం చేస్తారు సార్?"

"భాగానికీ భాగానికీ మధ్య సందిస్తారు. అందరూ అప్పుడే దగ్గుకోవాలి."

నా మాటకు సాక్ష్యమా అన్నట్టు అప్పుడే రెండో భాగం ముగిసింది. ముందు ఆ ఎనిమిదో వరుసాయన, ఆ వెనక హాలంతా దగ్గింది. మాస్టరు పడీపడీ నవ్వాడు. "యా అల్లా! ఊరందరికీ నా రోగమే ఉండాదే!" అని ఆయన కూడా వాళ్ళతో కలిసి దగ్గాడు.

ఆ రోజు నుంచి రోజూ రెండు గంటలకు వచ్చేవాడు. బయట ఆషాఢం గాలికి ఎర్రదుమ్ము లేస్తుంటే లోపల మేం చలిదేశంలో ఉండేవాళ్ళం. ఆయన కళ్ళు ఎప్పుడూ క్లారినెట్ మీదే. క్లారినెట్ ఊదే ఆయన వెనక వరుసలో పది నిమిషాలు ఊరికే కూర్చుంటాడు, నాలుగు స్వరాలు ఊదుతాడు, మళ్ళీ కూర్చుంటాడు. అది మాస్టరుకు ఆశ్చర్యం.

"వస్తాండాడు, వస్తాండాడు... ఆఁ, ఎత్తినాడు సూడు! సార్, నేను జన్మలో ఒక్కనాడు కూసోని ఊదలేదు. అంతా నడకే. అడుగులు లెక్కపెట్టుకుంటా ఊదేది."

ఇప్పటివాళ్ళు రాసిన సంగీతం కూడా చూపించాను. ఒకదాంట్లో పెద్ద వయొలిన్ లాంటి చెల్లో వాయించేవాళ్ళు దాని చెక్క మీద తడుతున్నారు, ట్రంపెట్ వాళ్ళు గాలి మాత్రమే వదులుతున్నారు. మాస్టరు చాలా సీరియస్‌గా చూసి, "ఇట్లాంటిది మేమూ వాయించినాం సార్. మా ట్రంపెట్టోడు తాగొచ్చిన దినం," అన్నాడు.

ఆయన దగ్గును నేను డ్యూటీ ప్రకారం గమనిస్తూనే ఉన్నాను. సంగీతం నడుస్తుండగా ఒక్కసారి కూడా దగ్గలేదు. సందుల్లో దగ్గేవాడు. అది అందరూ దగ్గేదే కదా. ఆమె వారానికోసారి మిల్లు నుంచి వస్తూ గేటు బయట నిలబడి అడిగేది. మా ఇంటికి దుమ్ము అంటకూడదని లోపలికి వచ్చేది కాదు.

"దగ్గుతాండాడా సార్?"

"హాల్లో వాళ్ళంత దగ్గుతున్నాడమ్మా. అంతకు మించి లేదు."

నా జోకు ఆమెకు అర్థం కాలేదు. దగ్గు తగ్గిందని మాత్రం అర్థమైంది. తప్పంతా తన చీరదే అనుకుని మరుసటి నెల మిల్లు మానేసింది.

ఒక మధ్యాహ్నం కొత్త సంగీతంలోనే ఇంకోటి పెట్టాను. అరగంట పైన ఉంటుంది, భాగాలు లేవు, ఎక్కడా సందు లేదు. సగంలో మాస్టరు వైపు చూశాను. టవల్ నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు బిగబట్టి కూర్చున్నాడు. కళ్ళ నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. పెళ్ళి పాటలు తప్ప ఎరగని మనిషిని ఇంత కష్టమైన సంగీతం ఇంతగా కదిలించిందే అనుకున్నాను. ఆ సాయంత్రం నా భార్యకు చెప్పాను. మర్నాడు వాకింగులో మిత్రులకు చెప్పాను. అడగనివాళ్ళకు కూడా చెప్పాను. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఏ పిల్లవాడికీ ఫిజిక్సు వల్ల కన్నీళ్ళు తెప్పించలేకపోయాను, మార్కులు చూపించినప్పుడు తప్ప.

తర్వాత రెండు నెలలకు ఆయన ఒకరోజు రాలేదు. టవల్ మీద రక్తం పడిందని బెంగళూరు తీసుకుపోయారు. ముందే రావాల్సిందని అక్కడ చెప్పారట. ఇరవై రోజులకు శవాన్ని తీసుకొచ్చారు. జనాజాకు, అంటే అంతిమయాత్రకు, బ్యాండు ఉండదు, అది వాళ్ళ పద్ధతి. వేల ఊరేగింపుల ముందు నడిచిన మనిషి వెనక మేమంతా చప్పుడు లేకుండా నడిచాం. దారి పొడవునా ఎవరూ దగ్గలేదు. నేను వింటూనే ఉన్నాను.

ఆ దగ్గును మర్యాదకు ఆపుకున్నాడో, బెంగళూరు తప్పించుకోవడానికి ఆపుకున్నాడో ఇప్పటికీ నాకు తెలియదు. మధ్యాహ్నాలు టీవీ ముందు కూర్చుంటే, రెండో భాగం తర్వాత హాల్లో మొదటి దగ్గు వినపడగానే, పక్క కుర్చీలోంచి రెండో దగ్గు కోసం నా చెవులు ఎదురుచూస్తాయి.

ఆయన పోయిన నాలుగు నెలలకు ఆయన భార్య వచ్చింది.

"ఆయన ఏం చూస్తాండెనో ఒక తూరి చూపిస్తారా సార్?"

ఉతికిన చీర కట్టుకుంది. అయినా గడప దగ్గర ఆగి కొంగు రెండుసార్లు దులుపుకుంది. మిల్లు మానేసి ఏడాది కావస్తోంది. నా భార్య ఆమె చేయి పట్టుకుని మాస్టరు కూర్చునే కుర్చీలోనే కూర్చోబెట్టింది. సింఫనీ పెట్టాను. మొదటి భాగం అయ్యాక ఆమె చప్పట్లు కొట్టలేదు. రెండో భాగం మధ్యలో ఉన్నట్టుండి కొంగు నోటికి ఒత్తుకుంది. భుజాలు బిగుసుకున్నాయి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ కూర్చున్న తీరు నేను ముందే చూశాను, అదే కుర్చీలో.

"ఏమైందమ్మా?"

కాసేపు చేయి అడ్డం ఊపి, తర్వాత గుసగుసగా చెప్పింది. "ఏం లేదు సార్, దగ్గు. మధ్యలో దగ్గగూడదంట గదా, బయటికి తోలేస్తారంట. ఆయన చెప్పినాడు. నోటికి గుడ్డ ఒత్తుకుని, ఊరేగింపులో మాదిరి లోపల అడుగులు లెక్కపెట్టుకుంటే ఆగిపోతాదంట. సార్ కాడ రోజూ అట్లే ఆపుకుంటి అని చెప్పినాడు, ఆఖర్న, ఆసుపత్రిలో."

పాజ్ నొక్కాను. కండక్టరు పుల్ల గాల్లో ఆగిపోయింది.

"ఆ మాట నేను చెప్పిందమ్మా. తమాషాకు. ఎవరూ ఎవర్నీ బయటికి పంపరు. ఆయన ఆపుకుంటుంటే తగ్గిందనుకున్నాను. అదే నీకు చెప్పాను."

ఆమె ఆగిపోయిన ఆ బొమ్మ వైపే చూసింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననీ అనుకున్నాను.

"అయితే ఈడ గూడా వస్తాండెనా దగ్గు?"

"వస్తుండేది."

"ఇంత శుద్ధంగా ఉండే రూములో గూడా?"

"అవునమ్మా."

"అయితే నా చీరది కాదు," అంది. నాతో కాదు. ఒళ్ళోని కొంగును ఒకసారి అరచేత్తో నిమిరి, మళ్ళీ అంది. "నా చీరది కాదు."

తర్వాత కొంగు వదిలేసి గట్టిగా దగ్గింది. ఆమెకు తీరేదాకా నేను ప్లే నొక్కలేదు.