నల్లబల్లకెక్కిన జమ్ముమూల

తెల్లవారి ఇంకా ఎండ పొడ తగలకముందే పడవాయన రేవు చెక్కల చివరిదాకా నడిచి, బోర్లా పడుకుని, కుడిచేతిని మోచేతిదాకా చెరువులో ముంచేవాడు. చేయి నీళ్ళలో ఉండగానే కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలచుకునేవాడు. నీళ్ళ చలువ ఏపాటిదో, చెరువులో కలిసే ఏటి వడి ఎటునుంచి తగులుతోందో ఆ చేతికి తెలిసిపోయేది. లేచి చొక్కాకే చేయి తుడుచుకుని, పడవల పాక గోడకున్న నల్లబల్ల మీద ఆ రోజు గాలం ఎక్కడ వేస్తే మంచిదో రాసేవాడు. ‘ఏరు కలిసేచోట, లోతున.’ ‘రాళ్ళగట్టు, ఎండెక్కాక.’ అంతే. గాలం పట్టుకుని ఆ చెరువుకు వచ్చేవాళ్ళు ముప్పై ఏళ్ళుగా ముందు బల్ల చదివి, ఆ తర్వాతే పడవ అడిగేవారు.

కోడలు ఆ ఇంటికి వచ్చి నాలుగేళ్ళు. మామగారి మంచితనం ఆమెకు మాటల్లో కంటే పనుల్లోనే తెలిసింది. కొక్కెం తెగినవాడికి అడక్కుండానే కొత్తది చేతిలో పెట్టేవాడు. పడవ చెక్క చెమ్మగా ఉంటుందని, ముసలివాళ్ళు కూర్చోవడానికి గోనెసంచులు పొయ్యి పక్కన ఆరబెట్టి ఉంచేవాడు. ఖాళీ బుట్టతో ఒడ్డుకు వచ్చినవాణ్ణి ‘ఏం పడ్డాయి?’ అని అడిగేవాడు కాదు. ‘గాలి ఎలా ఉంది?’ అని అడిగేవాడు.

చలి తగ్గి నీళ్ళు వెచ్చబడుతున్న రోజుల్లో ఒక ఆదివారం ఆయనకు ఒళ్ళు కాలిపోయే జ్వరం వచ్చింది. లేవబోయి మంచం పట్టె పట్టుకుని కూలబడ్డాడు. కొడుకు పని మీద పట్నం వెళ్ళి ఉన్నాడు.

“ఇవాళ్టికి బల్ల ఖాళీగా ఉండనీ అమ్మా” అని దుప్పటి ముసుగేసుకున్నాడు.

కోడలికి మనసొప్పలేదు. అంత దూరం నుంచి వచ్చినవాళ్ళు ఖాళీ బల్ల చూసి ఉసూరుమంటారే అనుకుంది. తలగడ పక్కన ఆయన చేపల పుస్తకం ఉంది. ఏ మూల ఎన్ని చేపలు కనబడితే అన్ని చుక్కలు పెట్టడం ఆయన పద్ధతి. తక్కిన చోట్ల రెండో మూడో. జమ్ముగడ్డి దట్టంగా పెరిగిన జమ్ముమూల దగ్గర మాత్రం తొమ్మిది రోజులుగా చుక్కలే చుక్కలు. ఆమె సంబరంగా వెళ్ళి పెద్ద అక్షరాలతో రాసేసింది: ‘జమ్ముమూల. బోలెడు చేపలు.’

పొద్దెక్కాక వేడి పాలు తెచ్చి ఇస్తూ, “మామయ్యా, ఐదు పడవలూ వెళ్ళాయి. పోస్టుమాస్టరు గారు కూడా వచ్చారు. అందరూ జమ్ముమూలకే!” అంది.

ఆయన గ్లాసు మెల్లగా కింద పెట్టాడు. “అక్కడికి వెళ్ళమని ఎవరు చెప్పారమ్మా?”

“నేనే రాశాను. మీ పుస్తకం చూసి...”

“అవన్నీ తల్లిచేపలమ్మా. బంగారుతీగ చేపలు గుడ్లు పెట్టడానికి జమ్ములోకి చేరతాయి. ఇప్పుడు వాటిని పట్టేస్తే వచ్చే ఏడాదికి ఈ చెరువులో ఏం మిగులుతుంది?”

కోడలి మొహం పాలిపోయింది. “ఒక్క మాట నా చెవిన వేసి ఉంటే...”

“అదే కదా. పేరు రాయకపోతే ఎవరూ వెళ్ళరులే అనుకున్నాను. ఎక్కడికి వెళ్ళాలో రోజూ రాశాను గాని, ఎక్కడికి వెళ్ళకూడదో ఒక్కనాడూ రాయలేదు. నీ తప్పేం లేదు. పద, మన ఇంటి పడవ తియ్యి.”

వద్దన్నా వినలేదు. ఆమె తెడ్డు వేస్తుంటే, ఆయన దుప్పటి కప్పుకుని పడవ ముక్కున కూర్చున్నాడు.

జమ్ముమూలలో ఐదు పడవలూ బారులు తీరి ఉన్నాయి. ఆయన చేతులు జోడించి, “అయ్యా, ఇవి గుడ్ల రోజులు. దయచేసి ఏరు కలిసేచోటికి వెళ్ళండి” అన్నాడు.

అందరికంటే ముందు, ఒక పడవలో ఉన్న దర్జీ గాలం చుట్టేశాడు. “మీరు నీళ్ళమీద నడవమన్నా నడుస్తాం. ముందు ఆ దుప్పటి సరిగ్గా కప్పుకోండి బాబూ!” అన్నాడు. అతని వెనకే మరో మూడు పడవలు కదిలాయి.

పోస్టుమాస్టరు పడవ మాత్రం కదల్లేదు. రిటైరయ్యాక కూడా అందరికీ ఆయన మాస్టారే. ఇరవై ఏళ్ళుగా అరచేతిని మించిన చేప ఎరగడు. ఇవాళ ఆయన పడవ పక్కన నీళ్ళలో వేలాడుతున్న వలసంచిలో మూరెడు బంగారుతీగ ఉంది. కడుపు ఉబ్బి ఉంది.

“నేనేం దొంగతనంగా రాలేదు పడవాయనా. బల్ల చూసే వచ్చాను.”

“నేనే రాశాను మాస్టారూ, తెలియక” అంది కోడలు. ఆయన ఇవ్వనంటే ఏ మొహం పెట్టుకుని అడగాలి? ఆ చేప ఆయన న్యాయంగా పట్టుకున్నదేనాయె.

“ఇరవై ఏళ్ళు!” అన్నాడు మాస్టారు. “మా ఆవిడ ఈ గాలాన్ని బట్టలారేసే కర్ర అంటుంది. ఇవాళైనా ఆ నోరు మూయిద్దామనుకున్నాను.”

దూరంగా వెళుతున్న దర్జీ వెనక్కి తిరిగి, “మేమంతా చూశాం మాస్టారూ! అమ్మగారికి సాక్ష్యం చెబుతాం. కావాలంటే ఇంకో మూర కలిపి చెబుతాం!” అని అరిచాడు.

మాస్టారు నవ్వలేకా, నవ్వకుండా ఉండలేకా తల వంచుకున్నాడు. సంచిలోకి చాలాసేపు చూశాడు. “ఎన్ని గుడ్లుంటాయంటావ్?”

“దేవుడికే తెలియాలి. నాకంత లెక్క రాదు.”

మాస్టారు సంచి తాడు ఊడదీసి పడవాయన వైపు జాపాడు. మొహం మాత్రం అటు తిప్పుకున్నాడు. “తీసుకో. నువ్వే వదిలెయ్యి. నేను చూడలేను.”

పడవాయన దుప్పటిలోంచి రెండు చేతులూ బయటికి తీసి చూపించాడు. జ్వరానికి అవి గడగడ వణుకుతున్నాయి.

“నా చేతుల్లోంచి జారి దెబ్బ తింటుంది మాస్టారూ. ఒక్క ఉపకారం చేసిపెట్టండి. మీరే దాన్ని పొదివి పట్టుకుని, తల జమ్ము వైపు పెట్టండి. తనంతట తాను ఒళ్ళు విదిలించుకుని వెళ్ళేదాకా కాస్త అలాగే పట్టుకుని ఉండండి.”

మాస్టారు మొహం ఇటు తిప్పి, చొక్కా చేతులు పైకి మడుచుకుని, రెండు చేతులూ సంచిలోకి దించాడు.