సొట్ట చెంబును సీదా చేసిన షాహీనా

2016 జూన్‌లో ఆసిఫాబాద్ నుంచి కరీంనగర్‌కు బదిలీపై వచ్చాను. హోదా డ్రాయింగ్ మాస్టర్. లెక్కల సార్ సెలవు పెడితే ఆ పీరియడ్ కూడా మా నెత్తినే. ఆదివారాలు లోయర్ గ్రేడ్ పరీక్షకు కూర్చునేవాళ్లకు పాఠం చెప్పేవాణ్ణి. డ్రాయింగ్ టీచర్ కావాలంటే ముందుగా దాటాల్సిన గడప అది.

వాళ్లలో షాహీనా అప్పటికే ఒకసారి తప్పింది. పెళ్లిళ్లకు మెహందీ పెట్టే మనిషి, ఇద్దరు పిల్లల తల్లి. ఈసారి పాసైతేనే ఉద్యోగంలో ఉంచుతామని ఆమె డ్రాయింగ్ చెప్పే ప్రైవేటు బడివాళ్లు చెప్పేశారు. తప్పింది మోడల్ డ్రాయింగ్‌లో. అంటే, స్టూలు మీద పెట్టిన వస్తువులను చూసి ఉన్నవి ఉన్నట్టు గీయడం.

నేనొక సొట్ట చెంబు పెట్టాను. చేయి చాచి, ఒక కన్ను మూసి, పెన్సిల్ మీద బొటనవేలు జరుపుతూ కొలత తీసుకోవడం నేర్పాను. ఆమె కొలతలు సరిగ్గానే ఉన్నాయి. బొమ్మలో సొట్ట మాత్రం లేదు. అదేమని అడిగితే, "ఖరాబైన చెంబు గద సార్, నేనే జర సీదా చేసిన" అంది. రెండు అరచేతులూ ఒక్కతీరుగా రావాలనే మెహందీ పనిలో పడిన అలవాటు అది. నాకు నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. "బాగా చూడమ్మా" అని నాలుగు వారాలు మొత్తుకున్నాను. చెవిటివాని ముందు శంఖం ఊదినట్టే అయింది.

ఆ నెలలోనే మా అమ్మాయి నిశ్చితార్థానికి ఆమే మెహందీ పెట్టింది. పక్కన కుర్చీ వేసుకొని గమనించాను. ఆమె చూపు కోన్ మొన మీద లేదు, అంగుళం ముందుంది. ఆ మాటే అడిగాను.

"గీత ఎటు పోవాల్నో అటు చూస్త సార్. చెయ్యి దానెంబడి అదే వస్తది" అంది.

మరుసటి ఆదివారం ఆమె కాగితం మీద వార్తాపత్రిక కప్పి, పెన్సిల్ పట్టిన చేతిని దాని కింద పెట్టించాను. చెంబు అంచు వెంట చూపును మెల్లగా నడిపించమని, మెహందీ పెట్టినట్టే చేతిని వెనక రానిమ్మని చెప్పాను. పత్రిక తీస్తే చెంబు వంకరటింకరగా ఉంది. సొట్ట మాత్రం దాని చోట అది ఉంది. షాహీనా చాలాసేపు చూసింది. "గిన్ని దినాలు నేను చెంబును చూడనేలే సార్, కాయితాన్నే చూసిన" అంది.

తర్వాత పత్రిక తీసేసి, కొలతలు జోడించి సాధన చేయించాను. ఆ ఏడు మోడల్ డ్రాయింగ్ గట్టెక్కింది, ఉద్యోగం నిలిచింది. ఆమె కంటే నాకే ఎక్కువ సంతోషమైంది.

అప్పటికి ముప్పై ఏళ్లుగా పాఠం చెబుతున్నాను. చూడమని అందరికీ చెప్పాను. ఎక్కడ చూడాలో ఒక్కరికీ చెప్పలేదు.