హచ్చొళ్ళి పెరట్లో నేలసంపంగి

హచ్చొళ్ళిలో వరి మాట వస్తే ఉచ్చెంగెప్ప పేరు రాక తప్పదు. ఎకరాకు నలభై రెండు బస్తాలు పండించి సిరుగుప్పలో శాలువా కప్పించుకున్న మనిషి. కాలువ చివరి మడికి కూడా నీళ్ళెక్కించిన మనిషి. ఊరి బడిలో ఏడో తరగతే చదివినా, వ్యవసాయ అధికారులకు నారు ఎట్లా పోయాలో చూపించినవాడు. అంతటివాడు వేలెడంత దుంప ముందు ఓడిపోయాడు.

ఆ దుంపలు మూడింటినీ కోడలు సహన, సండూరు కొండల పక్కనున్న పుట్టింటి నుంచి తెచ్చింది. అడవి చెట్ల నీడన పూసే నేలసంపంగి. వాళ్ళ అవ్వ పెంచేది. అవ్వ పోయింది, ఆ పెరట్లో ఎవరిదో ఇల్లు లేచింది. మిగిలినవి ఆ మూడే. సహన వాటిని సీతాఫలం చెట్టు కింద నాటింది.

వానలున్నన్నాళ్ళూ ఆకులు కళకళలాడి, చలికాలంలో ఎండిపోయాయి. ఎండిన మొక్కను చూసి వరిమడి మనిషి ఊరుకుంటాడా? కోడలికి చెప్పకుండా రోజూ బిందెడు పోశాడు. నెల తిరిగాక, మన్ను తడిగా ఉందేమిటని సహన తవ్వి చూస్తే రెండు దుంపలు కుళ్ళి చేతికంటుకున్నాయి.

"అది నిద్రపోతాండాది మామా! మీ సోనామసూరి అనుకున్యారా?" ఆమె మిగిలిన దుంపను మళ్ళీ మన్నులో పెట్టింది. "మా అవ్వది ఇంక ఇదొక్కటే ఉండాది. సుమ్నె ఉండండి."

యాభై ఏళ్ళలో ఆయన చేయని పని అదొక్కటే, ఊరికే ఉండటం. పొద్దున్నే చెంబెత్తుకుని చెట్టు దాకా పోయేవాడు, వెనక్కి వచ్చేవాడు.

"ఏమప్పా, ఒట్టి మన్నుకు కావలి కాస్తాండావే!" అని గోడ అవతలి నుంచి పక్కీరప్ప నవ్వాడు.

"నా చేతులకు కాస్తాండా పో."

ఉగాది దాటింది. ఒక తెల్లవారుజామున చూస్తే, ఎండి బీటలిచ్చిన నేల మీద పువ్వు. కాడ లేదు, ఆకు లేదు. తెల్లటి రేకులు, నడుమ ఊదారంగు, మన్నులోంచే నేరుగా. ఉచ్చెంగెప్ప వేలు చాచి, తాకకుండానే వెనక్కి తీసుకున్నాడు. "సహనా" అని కేకేశాడు.

ఆమె జొన్నపిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చి, వంగి వాసన చూసింది. "మా అవ్వ కొప్పులో వాసనే మామా! మీరూ చూడండి."

ఆయన రెండు అరచేతులూ నేలకానించి తల వంచాడు. చాలాసేపటికి గాని ఎత్తలేదు.

"నీళ్ళు లేవు, ఎరువు లేదు. లెయ్యమని దీనికి ఎవురు చెప్పినారమ్మా?"

సాయంత్రం పువ్వు వాలేదాకా ఆయన మడి వైపు పోలేదు.